పోగు వెల - ప్రొద్దు వెల

రెండు సూదులు, ఒక ఊలు ఉండ, ఓపిక గల చేతులు. ఇంతకు మించి పెట్టుబడి అక్కరలేని వ్యాపారం ఒకటి ఉన్నదనీ, దానిని గురించి ముచ్చటించవలసిందనీ మా శ్రోతలలో కొందరు సోదరీమణులు కోరుతూ వచ్చారు. మేలు రకం ఊలుతో శాలువలు, స్వెట్టర్లు, పసిపిల్లల టోపీలు అల్లి అమ్మితే లాభం ఉంటుందా అన్నది వారి ప్రశ్న. ఉంటుందని ఒక్క మాటలో చెప్పవచ్చు. ఉండదని కూడా అంత తేలికగానే చెప్పవచ్చు. ఈ రెండు సమాధానాలకూ నడుమ ఒక లెక్క ఉన్నది. ఆ లెక్క మాకు ఎట్లా తెలిసివచ్చిందో మొదట మనవి చేస్తాము. అందులో మా తప్పు కూడా కొంత ఉన్నది గనుక దాచకుండా చెప్పడమే న్యాయం.

హైదరాబాదుకు పడమట మాదాపూరు ప్రాంతం ఒకప్పుడు బండలూ తుప్పలూ నిండిన నేల. 1992లో అక్కడ శిల్పారామం వెలసింది. నేతగాండ్రూ, కుమ్మరులూ, కొయ్యపనివారూ తమ వస్తువులను తామే తెచ్చి అమ్ముకొనడానికి ఏర్పడిన పల్లె అది. ఆరేండ్లకు, 1998 నవంబరులో, ఆ ప్రక్కనే సైబర్ టవర్స్ భవనాన్ని నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి గారు ప్రారంభించారు. నాటినుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూరు, రాయదుర్గం వరకు మేడలు లేచి, ఆ ప్రాంతమంతా సైబరాబాదు అనిపించుకొన్నది. చేతిపనీ కంప్యూటరు పనీ ఇట్లా ఇరుగుపొరుగు అయినవి.

ఎండలు మండే ఈ ఊళ్ళో ఊలుతో ఏమి పని అని కొందరు అడగవచ్చు. మన నేలకు ఉన్ని క్రొత్తది కాదు. దక్కను గొర్రెల ఉన్నిని వడికి కురుమలు నేసిన నల్లగొంగడి తెలంగాణ పల్లెలో చలికి దుప్పటి, వానకు గొడుగు. అయితే ఆ ఉన్ని ముతక. ఒంటిని అంటిపెట్టుకొని ఉండే మెత్తని శాలువకు మేరినో ఊలు కావాలి. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రానులు ఉంటే, మేలైన మేరినో పోగు మందం 20 మైక్రానులకు లోపల ఉంటుంది. లడఖ్‌లోని చాంగ్‌థాంగ్ పీఠభూమిపై తిరిగే మేకల నుండి వచ్చే పష్మీనా పోగు ఇంకా సన్నం. ఆ మేక గడ్డకట్టే చలికి తట్టుకొనడానికై పైవెంట్రుకల క్రింద ఒక మెత్తని నూగును పెంచుకొంటుంది. వసంతంలో దానిని దువ్వి తీస్తారు. ఒక్కొక్క మేకకు ఏడాదికి దొరికేది గ్రాములలోనే. అందుచేతనే దానికి అంత ధర.

ఇక కొనేవారి మాట. సైబరాబాదు కార్యాలయాలలో ఏడాది పొడుగునా చల్లని గాలి యంత్రాలు నడుస్తుంటాయి. మండువేసవిలో కూడా భుజాన ఒక శాలువ వేసుకొని కూర్చునే ఉద్యోగినులు అక్కడ కనబడుతుంటారు. ఉద్యోగరీత్యా అమెరికాకూ, ఇంగ్లండుకూ పోయివచ్చేవారున్నారు. అక్కడ పుట్టిన మనుమలకు టోపీలు తీసుకొనిపోయే అమ్మమ్మలున్నారు. కాబట్టి గిరాకీ లేదని బెంగపడనక్కరలేదు. చిక్కు ఉన్నది వేరొక చోట.

కడచిన మార్గశిరంలో కొండాపూరులోని ఒక నివాస సముదాయం ఆవరణలో ఆదివారపు సంత పెట్టారు. ఊరగాయలూ, మట్టిపాత్రలూ, పూలమొక్కలూ అమ్మే బల్లల నడుమ ఒక సోదరి తాను అల్లిన శాలువలు పరచుకొని కూర్చున్నది. బిడ్డ పుట్టిన తరువాత కంప్యూటరు ఉద్యోగం మానుకొని, నేర్చిన అల్లికను ఆదాయమార్గం చేసుకొనవలెనని పూనుకొన్న ఇల్లాలు ఆమె. పసుపుకొమ్ము రంగు శాలువ ఒకటి మాకు నచ్చింది. చేతిలోకి తీసుకొంటే పిచ్చుక ఈకవలె తేలికగా ఉన్నది. ధర రెండువేల ఐదువందలు అన్నది.

"రెండువేలు చేసుకోమ్మా. తీరిక వేళల్లో అల్లుకొన్నదే కదా" అన్నాము మేము.

ఆమె క్షణం ఊరకుండి, చిరునవ్వు నవ్వి, శాలువను కాగితంలో చుట్టి ఇచ్చింది. మంచి బేరం చేశామనుకొని ఇల్లు చేరుకొన్నాము.

ఈ ప్రసంగానికి వివరాలు సేకరించవలసి వచ్చినప్పుడు ఆమె ఇంటికే వెళ్ళాము. ఏ ఊలు ఎక్కడ దొరుకుతుంది, ఏ సూది ఏ పనికి వాడాలి అన్న సంగతులన్నీ ఆమె విసుగు లేకుండా చెప్పింది. లాభం మాట అడిగేసరికి మాత్రం లోపలికి వెళ్ళి ఒక గీతల నోటుపుస్తకం తెచ్చి మా ముందు పెట్టింది. "మీరు తీసుకొన్న శాలువ లెక్క పదునాలుగవ పుటలో ఉన్నదండీ" అన్నది.

ఆ పుటలో ఉన్నది ఇది. ఊలు నూరు గ్రాముల చిలప ఒకటి, పొడుగు 400 మీటర్లు, వెల 1,200 రూపాయలు. సంతలో బల్ల అద్దెలో ఈ శాలువ వంతు, కాగితం, చీటీ కలిపి 200. అల్లిన కాలం 30 గంటలు. ఈ చివరి అంకె చూచి మేము నమ్మలేకపోయాము. అప్పుడు ఆమె మాచేత లెక్క వేయించింది. అంత సన్నని ఊలు ఒక్కొక్క కుట్టుకు సుమారు సెంటీమీటరున్నర కంటె కొంచెం తక్కువ పడుతుంది. అంటే 400 మీటర్ల ఊలులో దాదాపు 30,000 కుట్లు ఉంటాయి. చేయి తిరిగినవారు నిమిషానికి 20 కుట్లు వేసినా గంటకు 1,200. కుట్లకే 25 గంటలు. అల్లిక తప్పినప్పుడు విప్పి మళ్ళీ వేయడం, చివరి పోగులు లోపలికి దోపడం, తడిపి సాగదీసి ఆరవేయడం కలిపితే 30 గంటలు.

మేము ఇచ్చిన రెండువేలలో సరుకూ ఖర్చులూ 1,400 పోగా ఆమెకు మిగిలింది 600. గంటకు 20 రూపాయలు! ఆమె అడిగిన ధర ఇచ్చి ఉంటే 1,100 మిగిలేది. శ్రోతలు ఈ రెండు అంకెలను ఒక్కసారి సరిచూడవలసిందిగా మనవి. మేము తగ్గించింది ధరలో అయిదవ వంతు. అది తెగిపడింది మాత్రం ఆమె కూలిలో దాదాపు సగం. ఊలు అమ్మినవాడు తన వెల తాను తీసుకొన్నాడు. బల్ల అద్దెకిచ్చినవారు తమ వెల తాము తీసుకొన్నారు. బేరం దెబ్బ అంతా చేతులమీదనే పడింది.

"తీరిక వేళల్లో అల్లుకొన్నదే కదా" అన్న మా మాట మాకే తిరిగి వినిపించింది. దానితోబాటు మా మేనత్తగారు జ్ఞాపకం వచ్చారు.

ఆమె అత్తవారిది నర్సాపురం దగ్గర పల్లె. వేసవి సెలవులకు మేము అక్కడికి పోయిన రోజులలో, భోజనాలు ముగిసి వంటిల్లు కడిగిన తరువాత ఆ వీధి స్త్రీలందరూ అరుగులమీద చేరేవారు. చేతిలో కొక్కెపు సూది, ఒడిలో తెల్లని నూలు. మాటలు సాగుతుండగానే పువ్వులూ, చక్రాలూ, ఆకులూ వ్రేళ్ళ క్రింద నుండి పుట్టుకొనివచ్చేవి. విడి పువ్వులు అల్లడం చేతిపని. వాటిని చేర్చి బల్లగుడ్డగానో, దిండుగలీబుగానో కూర్చడం అతుకుపని. చీకటి పడితే దీపం దగ్గరకు జరిగేవారు. మా మామయ్యగారిని ఎవరైనా అడిగితే, "ఇంట్లో ఆడవాళ్ళు ఏమీ చేయరు, తీరికగా లేసు అల్లుకొంటారు" అనేవారు. మేనత్తగారు కూడా అట్లాగే అనేవారు. ఆమె కంటిచూపు మందగించిన తరువాత గూడ వ్రేళ్ళు మాత్రం ఆగలేదు.

గోదావరి తీరానికి ఆ లేసు పని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ కుటుంబాల ద్వారా వచ్చింది. తరువాత అది వర్తకుల చేతిలో పెద్ద ఎగుమతి వ్యాపారమై, మన పల్లెల పువ్వులు ఐరోపా భోజనబల్లలకు ఎక్కినవి. వర్తకుని మనిషి ఇంటింటికీ నూలు ఇచ్చిపోవడం, అల్లిన పని తీసుకొనిపోవడం వాడుక. కూలి కట్టేది పనికి పట్టిన నూలును బట్టి. దానికి పట్టిన ప్రొద్దు ఎవరి లెక్కలోనూ లేదు. 1970ల చివర మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త ఆ పల్లెలలో పరిశోధన చేసి, 1982లో నర్సాపురం లేసు స్త్రీలను గురించి ఒక గ్రంథం ప్రకటించారు. ఇంటిచాకిరీ గాక రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీలకు పొలం కూలికి నిర్ణయించిన కనీస వేతనమైనా దక్కడం లేదని ఆమె చూపారు. వారిని కార్మికులుగా గాక గృహిణులుగా లెక్కించడమే అందుకు మూలమన్నారు. మా మామయ్యగారి మాటనూ, సంతలో మేమన్న మాటనూ ఆమె అంత ముందే విని ఉన్నట్లు అనిపిస్తుంది.

నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక సూచిక లభించింది. ఆ పేరును ఇతరులు తమ సరుకుకు తగిలించుకొనరాదు. సంతోషించవలసిన సంగతే. కాని పేరుకు రక్షణ దొరికినంత మాత్రాన ప్రొద్దుకు వెల దానంతట అది రాదు.

ఇది మన దేశపు కథ మాత్రమే కాదు. స్కాట్లండుకు ఉత్తరాన షెట్లండు దీవులున్నాయి. అక్కడి స్త్రీలు అల్లిన ఉన్ని శాలువలు వేలి ఉంగరంలో నుండి దూరిపోయేటంత పలుచనివని విఖ్యాతి. 19వ శతాబ్దంలో ఆ శాలువలను దొరసానులు ముచ్చటపడి కొనుక్కొనేవారు. అల్లినవారికి మాత్రం అంగడివారు రొక్కం బదులు తేయాకో, గుడ్డలో ఇచ్చి పంపేవారు. ఈ పద్ధతిపై బ్రిటిషు ప్రభుత్వం నియమించిన సంఘం 1872లో విచారణ జరిపి, ఆ స్త్రీల నోటి సాక్ష్యాలను నమోదు చేసింది. ఇంకొక ముచ్చట. విలియం లీ అనే ఇంగ్లీషువాడు 1589లో మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టాడు. చేతి అల్లికతో బ్రదికేవారి నోటికాడి కూడు పోతుందని ఎలిజబెతు రాణి అతనికి ప్రత్యేక హక్కు నిరాకరించిందంటారు. అయినా యంత్రం ఆగలేదు. నేడు యంత్రం అల్లిన స్వెట్టరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతున్నది. దానితో ధరలో పోటీపడి గెలవడం చేతులకు సాధ్యం కాదు. పోటీపడనక్కరలేదు కూడా.

సైబరాబాదులో ఈ పని చేసే సోదరికి నర్సాపురం స్త్రీకీ, షెట్లండు స్త్రీకీ లేని అవకాశం ఒకటున్నది. నడుమ వర్తకుడు లేడు. కొనేవారు ఎదుటనే నిలబడి ఉన్నారు, వెల చీటీ ఆమె చేతిలోనే ఉన్నది. ఇక ఆ కొనేవారు ఎవరు? ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో టైంషీటులో వ్రాసి, ఆ గంటలకు దూరదేశపు కంపెనీల నుండి సొమ్ము వసూలు చేసే వ్యాపారంలో ఉన్నవారు. గంటకు వెల ఉంటుందని వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. అదే లెక్క శాలువకు కూడా వర్తిస్తుందని గుర్తుచేస్తే చాలు.

కాబట్టి ఈ పనికి పూనుకొనే సోదరీమణులకు మేము తెలిసికొన్నంతలో కొన్ని మాటలు.

మొదటిది నోటుపుస్తకం. సూది పట్టినప్పుడూ, దించినప్పుడూ వేళ వ్రాయండి. మీ గంటకు మీరే ఒక కూలి నిర్ణయించుకొనండి. మాట వరుసకు నూరు రూపాయలు అనుకొందాము. పైన చెప్పిన శాలువకు కూలి 3,000, ఊలు 1,200, ఖర్చులు 200. మొత్తం 4,400. ఇది అసలు మాత్రమే, లాభం కాదు. కూలి వేరు, లాభం వేరు. అమ్ముడుపోని వస్తువుకూ, అల్లి చూచి విప్పిన నమూనాకూ, ముందుగా కొని పెట్టుకొన్న ఊలుకూ ఆధారం కావలెను గదా. అందుకు పదవ వంతు కలిపితే ధర దాదాపు 4,850 అవుతుంది.

అంత ధరకు ఎవరు కొంటారని భయపడి గంటలు దాచుకొనవద్దు. గంటలు తక్కువ పట్టే వస్తువును ఎంచుకొనండి. పసిపిల్లల టోపీకి అయిదు గంటలు, 250 రూపాయల ఊలు, 50 రూపాయల ఖర్చు అనుకొంటే, కూలీ లాభమూ కలిసి 880 రూపాయలకు ఇవ్వవచ్చు. పెద్దల స్వెట్టరు జోలికి తొందరపడి పోవద్దు. అది యాభై అరవై గంటల పని. కొలత తప్పితే అంతా వృథా. ఎవరైనా కోరి చేయించుకొంటే సగం సొమ్ము ముందుగా తీసుకొనండి.

రెండవది నమూనా. ఏ వస్తువైనా మొదలుపెట్టే ముందు అదే ఊలుతో, అదే సూదులతో జానెడు చదరం అల్లి, ఉతికి, ఆరిన తరువాత పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చినవో లెక్కించండి. ఉతకక ముందు కొలత నమ్మదగినది కాదు.

మూడవది నిజాయితీ. ఊలు పేరుతో అంగడులలో ఆక్రిలిక్ చాలా అమ్ముతారు. ఒక పోగు తీసి జాగ్రత్తగా అంటించి చూడండి. నిజమైన ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే బూడిద అవుతుంది. ఆక్రిలిక్ కరిగి గట్టిపూసవలె మిగులుతుంది. కలిపిన ఊలును కలిపినదని చీటీమీద వ్రాయండి. పష్మీనా కానిదానిని పష్మీనా అనవద్దు. ఇతరులు రూపొందించిన అల్లిక నమూనాను అమ్మకానికి వాడుకొనేటప్పుడు, అందుకు వారి అనుమతి ఉన్నదో లేదో చూచుకొనండి.

నాలుగవది సంరక్షణ. మన వానకాలపు తేమ, చిమ్మటలు ఉన్నికి శత్రువులు. అల్లిన వస్తువును ఉతికి, పూర్తిగా ఆరిన తరువాతనే మడిచి, ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి నడుమ ఉంచండి. నెలకొకసారి గాలి తగలనీయండి. ఉతకడానికి గోరువెచ్చని నీరు, పలుచని కుంకుడు రసం చాలు. పిండరాదు, వ్రేలాడదీయరాదు. తువ్వాలులో చుట్టి అద్ది, నీడలో పరచి ఆరవేయాలి. ఈ నాలుగు ముక్కలూ వ్రాసి ప్రతి వస్తువుతోనూ కొనేవారి చేతికి ఇవ్వండి. చెడిపోయిన శాలువకంటె వ్యాపారానికి చెరుపు మరొకటి లేదు.

కొనే శ్రోతలకు కూడా ఒక మాట. వస్తువు ఖరీదనిపిస్తే కొనకుండా వెళ్ళడంలో తప్పులేదు. చిన్న వస్తువు కొనుక్కోవచ్చు. కాని ధర తగ్గించమనే ముందు, ఆ తగ్గించే సొమ్ము ఎవరి వాటా నుండి పోతున్నదో ఒక్క క్షణం ఆలోచించండి.

ఆ సోదరి ఇంటి నుండి బయలుదేరేముందు, నాడు తగ్గించుకొన్న అయిదువందలూ మేము బల్లమీద పెట్టాము. ఆమె తీసుకొనలేదు. "నేను ఒప్పుకొని ఇచ్చిన ధర అదండీ. నాటికి నేను గంటలు వ్రాయడమే గాని, ధరలో కలపడం తెలియదు. ఇక మీదట కలుపుతాను" అన్నది.

అన్నట్లే చేసింది. తరువాతి సంతలో శాలువల చీటీలమీద ధరతోబాటు "30 గంటలు" అని వ్రాసి పెట్టింది. ఆ పూట శాలువ ఒక్కటైనా పోలేదు. చాలామంది చీటీ చదివి, శాలువను మెల్లగా మడిచి, ఉన్న చోటనే పెట్టి వెళ్ళారు. టోపీలు మాత్రం నాలుగు పోయినవి. సంక్రాంతి దాటిన తరువాత తన తల్లికోసమని ఒక యువకుడు వచ్చి, చీటీ రెండుసార్లు చదివి, బేరమాడకుండా ఒక శాలువ తీసుకొన్నాడట. మునుపటికంటె ఆమె తక్కువ వస్తువులు అమ్ముతున్నది. తక్కువ గంటలు కూర్చుని ఎక్కువ తెచ్చుకొంటున్నది. ఇంట్లోవారు దానిని ఇప్పుడు కాలక్షేపం అనడం లేదు, పని అంటున్నారు.

పసుపుకొమ్ము రంగు శాలువ మా దగ్గరనే ఉన్నది. చలిరోజులలో భుజాన వేసుకొన్నప్పుడల్లా నర్సాపురం వీధి అరుగు ఒకటి కంటి ముందుకు వస్తుంది. మా మేనత్తగారి చేతిలో ఒక నోటుపుస్తకం ఉండి ఉంటే, అందులో ఎన్ని గంటలు చేరి ఉండేవో అనుకొంటాము.

సెలవు.